గుడ్డ ఏనుగు నుంచి గుడ్డ ఎలుగు దాకా

ఈ సాంస్కృతికోత్సవ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసం పంపమని సంఘం పెద్దలు కోరినప్పుడు మేము ముందుగా రాజుల గురించీ, ఓడల గురించీ ఆలోచించాము. మన పూర్వులు ఓడలెక్కి వచ్చిన వృత్తాంతం ఈ పుటలలో పెద్దలెందరో వ్రాశారు, ఇక ముందూ వ్రాస్తారు. పాఠకులు మన్నిస్తారని తలచి ఈసారి ఒక చిన్న విషయం ఎత్తుకున్నాము. అది పిల్లలు చంకన పెట్టుకొని తిరిగే గుడ్డబొమ్మల చరిత్ర. ఇంత పెద్ద ఉత్సవంలో ఇంత చిన్న విషయమా అని ఎవరైనా అడిగితే, అందుకు కారణం ఒక నక్క అని మనవి చేసుకుంటున్నాము.

మేము మలేసియాలో పుట్టిన మూడవ తరం తెలుగువారము. మా తాతగారు పేరాక్ రాష్ట్రంలో కొబ్బరి తోట పనికి వచ్చినవారు. ముప్పై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పని చేశాము గాని, తెలుగు ఓనమాలు మాత్రం నలభై దాటిన తరువాత సాయంకాలపు తరగతిలో దిద్దుకున్నవే. కనుక ఈ వ్యాసంలో ఎక్కడైనా ఒత్తు జారితే పెద్దలు సరిదిద్దుకొని చదువుకోగలరు.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా జర్మనీలో మ్యూనిక్ నగరానికి ఉత్తరాన ఉన్న గార్చింగ్‌లో కాపురముంటున్నది. ఒకప్పుడు అది పొలాల మధ్య పల్లెటూరు. 1957లో అక్కడ పరిశోధనల కోసం ఒక అణు రియాక్టరు కట్టారు. గుమ్మటం గుడ్డు ఆకారంలో ఉండడం వల్ల జనం దానికి 'అణుగుడ్డు' అని పేరు పెట్టుకున్నారు. అది 2000 సంవత్సరంలో ఆగిపోయినా, ఊరి చిహ్నంలో ఈనాటికీ కనిపిస్తుంది. 1980లో యూరప్ దేశాల దక్షిణార్ధగోళ ఖగోళ పరిశోధన సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి మార్చుకున్నది. 1990లో ఊరికి పట్టణ హోదా వచ్చింది. 2006లో భూగర్భ రైలు పరిశోధనా కేంద్రం దాకా వచ్చింది. ఇంతటి విజ్ఞానుల ఊరిలో మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసినది మాత్రం పత్తి కూరిన ఆ నక్కే.

నక్క రాక

మా మనుమరాలు ఒకటవ తరగతి చదువుతున్నది. జర్మనీ బడులలో చాలా చోట్ల ఒక ముచ్చటైన ఆచారం ఉన్నది. తరగతికంతటికీ కలిపి ఒక గుడ్డ జంతువు ఉంటుంది. శుక్రవారం నాడు అది వంతుల ప్రకారం ఒక్కొక్క పిల్లతో ఇంటికి వెళుతుంది. వెంట ఒక నోటుపుస్తకం కూడా వస్తుంది. శని, ఆదివారాలలో ఆ జంతువు ఏమేమి చేసిందో ఇంటివారు అందులో వ్రాసి, సోమవారం తిరిగి పంపాలి. మా మనుమరాలి తరగతి జంతువు ఎర్రని నక్క. దాని తోక కొన మాత్రం తెల్లన.

శుక్రవారం సాయంత్రం నక్కకు ఇల్లంతా చూపించడమైనది. శనివారం అది మాతో పాటు రైలెక్కి మ్యూనిక్ నడిబొడ్డున మరియెన్‌ప్లాట్జ్‌లో దిగి, పదకొండు గంటలకు పురమందిరం గోపురం మీద బొమ్మలు గంటల పాటకు తిరగడం చూచింది. రైలులో దానికి వేరే సీటు కావాలని మా మనుమరాలు పట్టుబట్టగా, ఎదుటి సీటులోని ముసలమ్మగారు నవ్వుతూ తన సంచి తీసి ఒడిలో పెట్టుకున్నారు.

ఆపద ఆదివారం భోజనాల వేళ వచ్చింది. నక్కను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా ఖాళీ కంచం పెట్టాము. మా ఇంటావిడ పప్పుచారు వడ్డిస్తుండగా గరిటె నుండి ఒక బొట్టు జారి సరిగ్గా తెల్లని తోక కొన మీద పడింది. గుడ్డ తేవడానికి పిల్ల గబుక్కున కిందికి దూకింది. ఆ విసురుకు నక్క కింద పడింది, పిల్ల కాలు దాని తోక మీద పడింది. ఇక ఏడుపు! సబ్బుతో కడిగినా పసుపు మరక పోలేదు. తరగతి సొత్తు పాడు చేశామే అని మాకూ మనసు చివుక్కుమన్నది.

అప్పుడు మా నోట అనుకోకుండా వచ్చిన మాట ఇది: "ఏడవకమ్మా, నక్క తోక తొక్కావు! అదృష్టం పట్టినవాళ్ళను మన భాషలో అలాగే అంటారు."

పిల్ల ఏడుపు మాని మా ముఖం చూచింది. దాని సంగతి చివర చెబుతాము. ముందు ఈ గుడ్డ జంతువులు ఎక్కడ పుట్టాయో, పిల్లల పక్కలలోకి ఎలా చేరాయో చూద్దాము.

మన వైపు బొమ్మలు

బొమ్మలంటే తెలుగువారికి కొత్త కాదు. కొండపల్లి వారు తేలికైన తెల్లపొణికి చెక్క మీద రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్ద మెత్తి బొమ్మలు చేస్తారు. ఏటికొప్పాక వారు అంకుడు కర్రను తరిణెపట్టి లక్కరంగులు వేస్తారు. నిర్మల్ బొమ్మల పేరూ అందరికీ తెలిసినదే. అయితే ఇవి చూడవలసినవి, కొలువులో పెట్టవలసినవి. వీటిని చంకన పెట్టుకొని నిద్రపోవడం కుదరదు.

గడ్డి కూరిన జంతువు మన పల్లెలలో మరొక పని చేసేది. దూడ చనిపోతే, దాని తోలులో గడ్డి కూరి ఆవు ఎదుట నిలబెట్టేవారని మా నాయనమ్మ చెప్పేది. ఆవు దానిని నాకుతూ పాలు చేపేదట. చిన్నప్పుడు విన్నప్పుడు ఆవును మోసం చేశారనుకున్నాము. ఇప్పుడు అంత సులభంగా ఆ మాట అనలేము.

పక్కలో పెట్టుకునే బొమ్మలను ఇంటి ఆడవాళ్ళే పాతచీర పేలికలతో కుట్టేవారు. మా నాయనమ్మ తోటలో రాలిన తెల్లబూరుగు కాయల దూది కూరి ఒక బొమ్మ కుట్టింది. దానికి ముఖం లేదు గాని, నాయనమ్మ గొంతుతో అది మాట్లాడేది. నక్క తోక మాట మేము మొదట విన్నది దాని నోటనే. సాయంకాలపు తరగతిలో మాకు అక్షరాలు దొరికాయి, ఇటువంటి మాటలు మాత్రం అంతకు ముందే ఆ బొమ్మ దగ్గర దొరికాయి.

గీంగెన్ ఏనుగు

గార్చింగ్ నుండి పశ్చిమంగా సుమారు రెండు గంటలు కారులో పోతే గీంగెన్ అనే చిన్న పట్టణం వస్తుంది. 1847లో అక్కడ మార్గరేటె ష్టైఫ్ అనే ఆమె పుట్టింది. ఏడాదిన్నర వయసులో పోలియో సోకి కాళ్ళు పడిపోయాయి, కుడిచేయి స్వాధీనం తప్పింది. చక్రాల కుర్చీలోనే బ్రతుకు. అయినా పట్టుపట్టి కుట్టుపని నేర్చుకున్నది. ఎడమచేత చక్రం త్రిప్పడానికి వీలుగా కుట్టుమిషనును వెనుక ముందుగా త్రిప్పి పెట్టుకొనేదట. 1877లో ఫెల్ట్ అనే ఒత్తిన ఉన్నిగుడ్డతో బట్టలు కుట్టి అమ్మే దుకాణం తెరిచింది.

ఒక ఫ్యాషను పత్రికలో వచ్చిన నమూనా చూచి ఆమె ఫెల్ట్‌తో చిన్న ఏనుగును కుట్టింది. సూదులు గుచ్చుకొనే మెత్తగా అది పెద్దల పనికి ఉద్దేశించినది. పిల్లలు ఊరుకుంటారా! సూదులు పీకి పారేసి ఏనుగును ఎత్తుకుపోయారు. 1880లో మొదలైన ఆ ఏనుగు అమ్మకం ఆరేళ్ళలో ఐదు వేలు దాటింది. తరువాత కుక్కలు, పిల్లులు, గుర్రాలు వచ్చాయి. ఆ పరిశ్రమ తన పుట్టుకను నేటికీ 1880 నుండే లెక్కపెడుతుంది. ఏనుగు మన దేశపు జంతువు కదా అని మేము కొంచెం గర్వపడ్డ మాట నిజమే.

ఎలుగుబంటికి పేరెలా వచ్చింది?

మార్గరేటె మేనల్లుడు రిచర్డ్ ష్టైఫ్ చిత్రకళ చదివినవాడు. ష్టుట్‌గార్ట్ జంతుశాలలో ఎలుగులను చూచి బొమ్మలు గీసేవాడు. 1902లో అతడు చేతులు, కాళ్ళు, మెడ కదిలే ఎలుగుబొమ్మను తయారు చేశాడు. 1903లో లైప్‌జిగ్ సంతలో ఒక అమెరికా వర్తకుడు మూడు వేల బొమ్మలకు ఆర్డరు ఇచ్చాడు.

సరిగా అదే కాలంలో అమెరికాలో మరొకటి జరిగింది. 1902 నవంబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ మిసిసిపీలో వేటకు పోగా, అనుచరులు ఒక ఎలుగును పట్టి చెట్టుకు కట్టి కాల్చమన్నారు. కట్టివేసిన జంతువును కాల్చనని ఆయన నిరాకరించాడు. క్లిఫర్డ్ బెరీమన్ అనే చిత్రకారుడు ఆ సంగతిని పత్రికలో వ్యంగ్యచిత్రంగా వేశాడు. అది చూచి బ్రూక్లిన్‌లో మిఠాయి దుకాణం నడుపుకునే మిచ్టమ్ దంపతులు ఒక ఎలుగుబొమ్మ కుట్టి, అధ్యక్షుని ముద్దుపేరుతో 'టెడ్డీ ఎలుగు' అన్నారు. మిచ్టమ్ రష్యా నుండి వలస వచ్చిన యూదుడు. వలస వచ్చినవాడు పెట్టిన పేరే లోకమంతటా నిలిచిందన్న మాట మన సంచికలో చెప్పుకోదగినదే.

నకళ్ళ బెడద తట్టుకోవడానికి 1904 నుండి ష్టైఫ్ వారు బొమ్మ చెవికి లోహపు బొత్తాము కుట్టసాగారు. 1907 ఒక్క సంవత్సరంలోనే వారు 9,74,000 ఎలుగులు తయారు చేశారు. ఫ్యాక్టరీలో 400 మంది పని చేస్తే, ఇళ్ళలో కూర్చొని కుట్టినవారు 1,800 మంది. మార్గరేటె 1909లో కన్నుమూసింది.

ఈ ఎలుగుల పైతోలు అంగోరా మేక బొచ్చుతో నేసినది, లోపల సన్నని చెక్కపీచు. తరువాతి కాలంలో ముఖ్యంగా ఇంగ్లండు బొమ్మలలో కపోక్ కూరడం మొదలుపెట్టారు. కపోక్ అంటే మరేమీ కాదు, మన తెల్లబూరుగు దూదే! తోటలో మా నాయనమ్మ ఏరుకొచ్చిన దూదీ, దొరల పిల్లలు కౌగిలించుకున్న దూదీ ఒకటేనని తెలిసిన రోజున మేము చాలాసేపు ఆ పుస్తకం మూయలేదు.

బొమ్మల సాహసాలు

గుడ్డ జంతువులు ఇంట్లో ఊరికే కూర్చోవు. 1921లో లండన్‌లో ఒక పిల్లవాని మొదటి పుట్టినరోజుకు కొన్న ఎలుగు 1926 నాటికి విన్నీ ద పూ అనే కథానాయకుడైంది. దాని తండ్రి రచయిత ఏ. ఏ. మిల్న్. అంటే ఆ పిల్లవాని తండ్రే! ఆ బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ గ్రంథాలయంలో ఉన్నది. జర్మన్ పిల్లల టెలివిజన్ కార్యక్రమం ఒకటి 1971లో మొదలైంది. అందులోని నారింజరంగు ఎలుక గుడ్డబొమ్మగా మారి, 1992లో వ్యోమగామి క్లాస్ డీట్రిచ్ ఫ్లాడేతో 'మీర్' అంతరిక్ష కేంద్రానికి వెళ్ళి వచ్చింది. జర్మనీలో వైద్యవిద్యార్థులు 'టెడ్డీ ఆస్పత్రులు' కూడా నడుపుతారు. పిల్లలు తమ బొమ్మకు కడుపునొప్పి అని తీసుకువస్తే, పరీక్ష చేసి, కట్టు కట్టి పంపుతారు. బొమ్మకు వైద్యం జరుగుతుంటే పిల్లలకు డాక్టరంటే భయం పోతుందట.

సోమవారం

ఇప్పుడు మా నక్క సంగతి. మా మనుమరాలికి తెలుగు అర్థమవుతుంది గాని, మేము తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చేది. ఎంత బ్రతిమాలినా అంతే. మా అమ్మాయికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. తప్పు ఆమెది కాదు. ఆమె చిన్ననాట మాకే రాదు.

ఆ రాత్రి జర్మన్‌లో డైరీ వ్రాయడం ముగిసిన తరువాత పిల్ల నోటుపుస్తకం మా ముందు పెట్టి, "తాతా, తోక మాట నువ్వు రాయి" అన్నది. తెలుగులోనే అన్నది. మాకు చెయ్యి వణికింది. నలభై ఏళ్ళ వయసులో నేర్చిన రాత, పరదేశపు బడి పుస్తకం. నిఘంటువు తీసి ఒత్తులు చూచుకొని, నాలుగు పంక్తులు వ్రాశాము: నక్క మా ఇంటికి వచ్చిందనీ, పప్పుచారు రుచి చూచిందనీ, దాని తోక తొక్కి మేము అదృష్టవంతులమైనామనీ, మరకకు క్షమించమనీ.

సోమవారం పంతులమ్మగారు అవి ఏ అక్షరాలని అడిగారట. పిల్ల చదవలేదు గనుక, వ్రాస్తుండగా విన్నది విన్నట్లు ఒప్పచెప్పింది. తరగతి అంతా ఒకసారి ఆ తోక మీద మెల్లగా కాలు పెట్టి అదృష్టం తెచ్చుకున్నారట! మరక పోలేదు. దానిని ఎవరూ తప్పు పట్టలేదు.

నాటి నుండి మా మనుమరాలు మాతో ఇంకా జర్మన్‌లోనే ఎక్కువగా మాట్లాడుతున్నది. అబద్ధమెందుకు? కాని పడుకునే ముందు తన గుడ్డ ఏనుగుతో మాత్రం తెలుగే. అది మన దేశపు జంతువనీ, దానికి జర్మన్ రాదనీ మేము చెప్పి ఉన్నాము. తలుపు వెనుక నిలబడి వింటాము. తప్పులుంటాయి. దిద్దము.

ఈ సంచిక చదివే తల్లిదండ్రులకూ, తాతలకూ, అమ్మమ్మలకూ, నాయనమ్మలకూ మా మనవి ఒక్కటే. మీ ఇంటి పిల్లలు మీతో తెలుగు మాట్లాడకపోతే కోపపడకండి. వారి పక్కలో ఉన్న ఎలుగుకో, కుందేలుకో ముందుగా నేర్పండి. బొమ్మకు సిగ్గు లేదు, తప్పు పలికితే నవ్వేవారూ లేరు. మేము కూడా మా నాయనమ్మ కుట్టిన ముఖం లేని బొమ్మ దగ్గరే మొదలుపెట్టాము.