చీకటి గదిలో వెలిగిన ప్లాటినం ఉప్పు

1895 నవంబర్ 8, శుక్రవారం. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పొద్దుగూకింది. ఫిజిక్స్ ప్రొఫెసర్ విల్‌హెల్మ్ రాంట్‌జన్ గాలి తీసేసిన గాజు గొట్టానికి సందు లేకుండా నల్ల అట్ట చుట్టాడు. గది చీకటి చేసి గొట్టంలోకి కరెంటు వదిలాడు. అట్టలోంచి వెలుతురు పొక్కుతుందేమోనని కళ్లు చిట్లించి చూశాడు. పొక్కలేదు.

సరే, ఆపేద్దాం అనుకునేంతలో బల్ల అవతల ఏదో పచ్చగా మిణుకుమంది. కరెంటు ఆపితే అదీ ఆగింది. మళ్లీ వదిలితే మళ్లీ మెరిసింది. అగ్గిపుల్ల గీసి చూశాడు. వేరే ప్రయోగానికని సిద్ధం చేసి పెట్టుకున్న తెర అది, దాని మీద బేరియం ప్లాటినోసయనైడ్ పూత. (అగ్గిపుల్ల సంగతి చెప్పుకోగా వచ్చిందే. ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే ప్రయోగాల కాగితాలు తగలబెట్టేశారు.)

తెరను రెండు మీటర్ల దూరం జరిపినా వెలుగుతూనే ఉంది. మధ్యలో పుస్తకం అడ్డం పెట్టినా, చెక్క పెట్టినా అంతే. సీసం పెడితే మాత్రం ఆగింది. చెయ్యి అడ్డం పెడితే తెర మీద ఎముకల నీడ పడింది. వారాల తరబడి ఆయన ప్రయోగశాల వదల్లేదు, తిండీ నిద్రా అక్కడే. డిసెంబర్ 22న భార్య బెర్తా చెయ్యిని ఫొటో తీశాడు. ఉంగరం, వేలి ఎముకలు కనబడ్డాయి. తన చావును తానే చూసినట్టుందని ఆమె బెదిరిపోయిందని చెబుతారు. 1901లో ఫిజిక్స్‌కు ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ ఆయనకే దక్కింది. ఎక్స్‌రే మీద పేటెంటు మాత్రం తీసుకోలేదు.

ఈ కథలో పేరంతా రాంట్‌జన్‌కీ ఎక్స్‌రేకీ పోయింది. ఆ కిరణం మనిషి కంటికి కనబడదు. దాన్ని కనబడేలా చేసిన ఉప్పును ఎవరూ తలుచుకోరు. నా దృష్టిలో ఆ రాత్రి సగం ఘనత దానిదే.

ఆ ఉప్పులోని బేరియం కడప జిల్లా వాళ్లకు కొత్తది కాదు. పులివెందుల, వేముల వైపు తవ్వే ముగ్గురాయి బేరియం సల్ఫేటే. ఉమ్మడి జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి నిల్వలు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ముగ్గురాయిలో ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకంలో వాడే బురదకు బరువు పెంచడానికి పోతుంది. శుద్ధి చేసిన బేరియం సల్ఫేటునే ఆసుపత్రిలో ఎక్స్‌రేకి ముందు రోగి చేత తాగిస్తారు. నీళ్లలో కరగదు కాబట్టి ఒంటికి పట్టదు, ఎక్స్‌రేను అడ్డుకుంటుంది కాబట్టి పేగుల ఆకారం ఫిల్ములో తెల్లగా తేలుతుంది. 

అదే జిల్లాలోని ప్రొద్దుటూరు సంగతి వేరు. అది బంగారం ఊరు. అక్కడ నగను గీటురాయి మీద గీసి చూసే చూపు ఇంకా పోలేదు గానీ, పక్కనే క్యారెట్ మీటరూ వచ్చింది. అది నగ మీదికి ఎక్స్‌రే పంపుతుంది. బంగారం, రాగి, వెండి దేని ఎక్స్‌రేను అది తిరిగి విసురుతుంది. వాటిని లెక్కగట్టి మిషను పాళ్లు చెబుతుంది. షోకేసులో ప్లాటినం ఉంగరం కూడా ఉంటుంది, లోపలివైపు 950 ముద్రతో. అది తనంతట తాను వెలగదు. లోహంగా ఉన్నంతసేపూ ప్లాటినంకు ఆ విద్య రాదు. సయనైడుతో కలిసి పలకలుగా ఒకదాని మీద ఒకటి పేరుకున్నప్పుడే, ఆ పక్కపక్క ప్లాటినం పరమాణువుల పొత్తు వల్ల ఆ పచ్చని వెలుగు పుడుతుంది.

తెరగా ఆ ఉప్పు కొలువు మాత్రం ఎక్కువకాలం సాగలేదు. 1896లోనే ఎడిసన్ కాల్షియం టంగ్‌స్టేట్‌ను ముందుకు తెచ్చాడు. 1904లో పారిస్ డాక్టర్లు సబురో, నువారే ప్లాటినం ఉప్పుకు ఇంకో పని పెట్టారు. పిల్లల తలలో తామరకు ఎక్స్‌రే వైద్యం చేసేటప్పుడు పక్కన ఈ ఉప్పు బిళ్ల ఉంచేవారు. పచ్చది గోధుమరంగుకు తిరిగితే మోతాదు చాలినట్టు.

ప్లాటినం వెలుగు కథ అక్కడితో ఆగలేదు. 1998లో ప్రిన్స్‌టన్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ప్లాటినం పోర్ఫిరిన్‌తో ఎర్రగా వెలిగే ఓఎల్ఈడీ చేశారు. మామూలు సేంద్రియ పదార్థాల్లో కరెంటు పుట్టించే ఉత్తేజిత స్థితుల్లో పావు వంతే వెలుగవుతుంది, మిగతా మూడు వంతులు వృథా. ప్లాటినంలాంటి బరువైన పరమాణువు ఉంటే ఆ మూడు వంతులూ వెలుగుగా మారగలవు. ఇవే పోర్ఫిరిన్లకు ఆక్సిజన్ తగిలితే వెలుగు తగ్గుతుంది. అందుకే వాటిని రంగులో కలిపి విమాన నమూనాలకు పూసి, గాలి ఎక్కడ ఎంత ఒత్తుతోందో కొలుస్తారు.

ఫోన్ తెరల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగుల పందెం చివరికి ఇరిడియం గెలుచుకుంది. ప్లాటినం వెలుగు ఎక్కువసేపు నిలవడమే దాని లోపమైంది. మన్నికైన నీలం రంగు కోసం వెతుకులాట మాత్రం ఇంకా తెగలేదు, అందుకు పరీక్షిస్తున్న వాటిలో ప్లాటినం సమ్మేళనాలూ ఉన్నాయి.