అద్దె ఇంటిపై పెట్టుబడి: తొలి ఇల్లు, రెండో ఇల్లు – చిన్న మదుపరి లెక్కలు

ఉద్యోగ విరమణ నాటికి చేతికందిన సొమ్మునో, ఏళ్ల తరబడి కూడబెట్టిన పొదుపునో ఒక ఫ్లాటులో పెట్టి, నెలనెలా వచ్చే అద్దెతో నిశ్చింతగా గడపాలన్నది తెలుగు రాష్ట్రాల్లో అనేక మధ్యతరగతి కుటుంబాల ఆలోచన. పొదుపు చాలనిచోట బ్యాంకు రుణం తీసుకుంటారు. అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయని, చివరకు ఇల్లు మిగులుతుందని అంచనా వేస్తారు. అయితే మన నగరాల్లో నివాస గృహాల అద్దె సాధారణంగా ఇంటి విలువలో ఏడాదికి 2 నుంచి 4 శాతం మధ్యే ఉంటుంది. గృహరుణంపై వడ్డీ దీనికి రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ఈ తేడాను ఎవరు, ఎన్నేళ్లు, ఏ ఆదాయం నుంచి భరిస్తారన్నదే అద్దె ఇంటి పెట్టుబడిలో మొదటి ప్రశ్న.

ఒక ఉదాహరణ

రూ.60 లక్షల విలువైన ఫ్లాటును అద్దెకివ్వడానికి కొన్నారనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రూ.30 లక్షల వరకు గృహరుణాలకు ఇంటి విలువలో 90 శాతం, రూ.30 లక్షల నుంచి రూ.75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించి బ్యాంకులు ఇవ్వరాదు. అంటే ఈ ఇంటికి గరిష్ఠంగా రూ.48 లక్షలు వస్తుంది. మిగిలిన రూ.12 లక్షలు కొనుగోలుదారు పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి సుమారు ఏడున్నర శాతం, అంటే మరో రూ.4.5 లక్షలు అదనం. ఇంత పెద్ద ఇంటికి ఈ రుసుములను కలుపుకొని రుణం ఇవ్వరు.

వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అయితే నెలవారీ వాయిదా సుమారు రూ.41,650. ఇంటికి నెలకు రూ.16,000 అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి రూ.1,92,000. ఒక నెల ఇల్లు ఖాళీగా ఉన్నందుకు రూ.16,000, ఆస్తిపన్ను, మరమ్మతులు, రంగులు, యజమాని భరించే నిర్వహణ ఖర్చులకు రూ.30,000 తీసివేస్తే మిగిలేది రూ.1,46,000. అంటే నెలకు రూ.12,200 లోపే. వాయిదాకూ దీనికీ మధ్య దాదాపు రూ.29,500 లోటు ప్రతి నెలా జీతం నుంచో, వ్యాపారం నుంచో రావాలి. ఆ ఆదాయం ఆగిపోతే ఇల్లు ఆదుకోకపోగా, ఇంటినే ఆదుకోవలసి వస్తుంది. విరమణకు దగ్గర పడినవారు పెద్ద రుణంతో అద్దె ఇల్లు కొనరాదని ఆర్థిక సలహాదారులు చెప్పడానికి కారణం ఇదే.

మొదటి అడుగు ఎక్కడ?

పట్టణాల్లో చాలామంది చిన్న యజమానులు కొత్త ఇల్లు కొని కాక, సొంత ఇంటిపై మరో పోర్షన్ వేసి అద్దె ఆదాయం మొదలుపెడతారు. లెక్కపరంగా ఇది మెరుగైన మార్గం. స్థలానికి కొత్తగా డబ్బు పెట్టనక్కర్లేదు కనుక, రూ.18 లక్షలతో కట్టిన పై అంతస్తుకు నెలకు రూ.10,000 అద్దె వచ్చినా ఖర్చుపై రాబడి ఆరున్నర శాతం దాటుతుంది. యజమాని కింది భాగంలోనే ఉంటాడు కాబట్టి పర్యవేక్షణ సులభం. అయితే పాత పునాదులు, పిల్లర్లు అదనపు బరువును మోయగలవో లేదో ఇంజినీరుతో పరీక్ష చేయించడం, పురపాలక సంఘం నుంచి ప్లాను ఆమోదం పొందడం తప్పనిసరి.

ఫ్లాటు కొనేవారు ముందుగా చూడవలసింది అద్దె కాదు, హక్కు. అమ్మేవారికి ఆస్తి ఎలా సంక్రమించిందో తెలిపే లింకు డాక్యుమెంట్లు, కనీసం 30 ఏళ్లకు ఈసీ, మంజూరైన ప్లాను, నివాసయోగ్యతా పత్రం, ఆస్తిపన్ను రశీదులు న్యాయవాదికి చూపించాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద ఉన్న నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో సరిచూడాలి. చెరువుల సమీపంలోని స్థలమైతే అది పూర్తిస్థాయి నీటిమట్టం పరిధిలోకి గానీ, బఫర్ జోన్‌లోకి గానీ రాదని నిర్ధారించుకోవాలి. 2024లో హైదరాబాదులో హైడ్రా చేపట్టిన కూల్చివేతలు ఈ జాగ్రత్త ఎంత అవసరమో చూపాయి.

నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టయితే రెరా నమోదు సంఖ్య చూడాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్నా నమోదు తప్పనిసరి. కొనుగోలుదారుల నుంచి వసూలైన సొమ్ములో 70 శాతాన్ని నిర్మాణదారు ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుపై జీఎస్టీ 5 శాతం, చౌక గృహాల కోవలోకి వచ్చేవాటిపై 1 శాతం పడుతుంది. నివాసయోగ్యతా పత్రం వచ్చాక కొన్న ఇంటిపై జీఎస్టీ లేదు.

పదకొండు నెలల ఒప్పందం సరిపోతుందా?

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజులను నమోదు చేయించాలి. దేశమంతటా పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి రావడానికి ఇదే కారణం. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో అమలులోకి వచ్చిన సవరణ ఈ కాలపరిమితిని తొలగించి, స్థిరాస్తి లీజులన్నిటికీ నమోదును తప్పనిసరి చేసింది. అందువల్ల తెలుగు రాష్ట్రాల్లో స్టాంపు కాగితంపై రాసుకున్న పదకొండు నెలల పత్రం, వివాదం కోర్టుకెక్కినప్పుడు యజమాని ఆశించినంత బలమైన సాక్ష్యం కాకపోవచ్చు. నమోదు ఖర్చు, తర్వాత వచ్చే చిక్కుతో పోలిస్తే చిన్నదే.

అద్దె, ఏటా పెంపు, అడ్వాన్సు, ఖాళీ చేయడానికి ముందస్తు గడువు, విద్యుత్తు, నీటి బిల్లులు, మెయింటెనెన్స్ ఎవరు చెల్లించాలన్నది ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. రాష్ట్రాలు స్వీకరించిన మేరకే ఇది వర్తిస్తుంది. అద్దెను బ్యాంకు ఖాతా ద్వారానే తీసుకోవడం, అద్దెదారు వివరాలను పోలీసు స్టేషనులో తెలియజేయడం ఇరుపక్షాలకూ మేలు.

పన్ను లెక్క

అద్దె ఆదాయం నుంచి యజమాని చెల్లించిన ఆస్తిపన్నును, మిగిలినదానిలో 30 శాతాన్ని తగ్గించి పన్ను లెక్కిస్తారు. ఈ 30 శాతానికి బిల్లులు చూపనక్కర్లేదు. అయితే మరమ్మతులకు విడిగా మినహాయింపు ఉండదు. అద్దెకిచ్చిన ఇంటి రుణంపై వడ్డీని కూడా అద్దె నుంచి తగ్గించుకోవచ్చు.

పై ఉదాహరణలో తొలి ఏడాది వడ్డీ రూ.4 లక్షలు దాటుతుంది. లెక్కలో దాదాపు రూ.2.85 లక్షల నష్టం తేలుతుంది. పాత పన్ను విధానంలో ఇందులో రూ.2 లక్షల వరకే జీతం వంటి ఇతర ఆదాయంలో సర్దుబాటు చేసుకోవచ్చు. మిగిలినదాన్ని ఎనిమిదేళ్ల పాటు ఇంటి ఆదాయంలో సర్దుకునే వీలుంది. కొత్త విధానంలో ఇతర ఆదాయంతో సర్దుబాటుకు అవకాశమే లేదు. పన్ను ఆదా అవుతుందన్న ఒక్క కారణంతో రుణం తీసుకునేవారు తాము ఏ విధానంలో ఉన్నారో ముందు చూసుకోవాలి.

నెల అద్దె రూ.50,000 దాటితే అద్దెదారు 2 శాతం టీడీఎస్ మినహాయించాలి. యజమాని విదేశాల్లో నివసిస్తుంటే ఈ పరిమితి వర్తించదు. అద్దె ఎంతైనా 30 శాతానికి పైగా మినహాయించవలసిన బాధ్యత అద్దెదారుదే. అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఉంటూ ఇక్కడ ఇల్లు కొనే తెలుగువారు దీన్ని ముందుగానే అద్దెదారుకు తెలపాలి. వారు ఇళ్లు, దుకాణాలు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి సాధారణ అనుమతి లేదు.

రెండో ఇంటికి ఎప్పుడు?

మొదటి ఇంటిపై ఒకటి రెండేళ్ల జమాఖర్చులు రాసి చూసుకున్నాకే రెండోదాని గురించి ఆలోచించడం మంచిది. ఇల్లు ఎన్ని రోజులు ఖాళీగా ఉంది, మరమ్మతులకు ఎంతయింది, అద్దె ఏ తేదీకి వచ్చింది అన్నవి అందులో ఉండాలి. కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడా నగదు విడిగా ఉండాలి. మారే వడ్డీపై తీసుకున్న గృహరుణాన్ని వ్యక్తులు గడువుకు ముందే తీర్చినా బ్యాంకులు జరిమానా విధించరాదు. కనుక అదనపు సొమ్ముతో మొదటి రుణాన్ని తగ్గించుకోవడం కూడా ఎదుగుదలే.

రెండు ఇళ్లూ ఒకే తరహా అద్దెదారులపై ఆధారపడకుండా చూడాలి. 2020లో కోవిడ్ సమయంలో కోచింగ్ విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు సొంత ఊళ్లకు వెళ్లిపోవడంతో హైదరాబాదులో వారిని నమ్ముకున్న గదులు, ఫ్లాట్లు నెలల తరబడి ఖాళీగా ఉన్నాయి. ఒకటి కళాశాలకు దగ్గరలో ఉంటే, మరొకటి కుటుంబాలు స్థిరంగా నివసించే ప్రాంతంలో ఉండటం మేలు.

ఇంటి నిర్వహణ భారం వద్దనుకునేవారికి రీట్‌లు మరో మార్గం. కార్యాలయ భవనాలు, మాల్‌ల అద్దె నుంచి పంపిణీకి మిగిలే నగదులో కనీసం 90 శాతాన్ని ఇవి యూనిట్లున్నవారికి పంచాలి. దేశంలో తొలి రీట్ 2019లో స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. యూనిట్ల ధర మార్కెట్‌ను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది కనుక ఇందులోనూ నష్టభయం ఉంది. కానీ డబ్బు అవసరమైనప్పుడు కొన్ని యూనిట్లు మాత్రమే అమ్ముకోవచ్చు. ఇంట్లో ఒక గదిని మాత్రం అమ్ముకోలేం. రుణం తీసుకునే ముందు కుటుంబం అంతా కలిసి ఆలోచించవలసిన తేడా ఇది.