ఆకాశరామన్న
రాసినవారి పేరూ ఊరూ లేని లేఖను తెలుగువారు ఆకాశరామన్న ఉత్తరం అంటారు. రామన్న ఊరూరా వినిపించే పేరు, ఆకాశం ఎవరూ వెతికి చేరలేని చిరునామా కనుక, ఈ సమాసం మనిషిని చూపినట్టే చూపి దాచేస్తుంది. భద్రాచల ఐతిహ్యంలోని రాముడు ఇందుకు భిన్నుడు: రామోజీగా పేరు చెప్పి, సుల్తాను తానీషాకు తన భక్తుడు గోపన్న బాకీ చెల్లించి, రసీదు కూడా తీసుకున్నాడని జనం నమ్మకం. ఆకాశరామన్న ఉత్తరాన్ని తలపించే నేటి అడగని ఈమెయిలుకు వాడే ‘స్పామ్’ 1937లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన డబ్బా మాంసం పేరు. ఆ మాటే పదేపదే మోగే 1970 నాటి మాంటీ పైథాన్ హాస్యనాటిక మీదుగా అది సందేశాల వెల్లువకు పేరైంది గాని, పంపినవారి అజ్ఞాతాన్ని పట్టుకున్నది తెలుగు మాటే. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల ఫోన్లకూ చేరే లాటరీ, కొలువుల మోసపు సందేశాలకు ఈ తెలుగు పేరే తగినది. వాటివల్ల డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.