మూగ తెర మీద చిలిపి కృష్ణుడు

మూకీల నాటి హాస్యం అనగానే 'ది కిడ్' (1921)లో చాప్లిన్ పక్కన నటించిన జాకీ కూగన్, 1922లో హాల్ రోచ్ మొదలుపెట్టిన 'అవర్ గ్యాంగ్' పిల్లలు, వాళ్ల కుక్క పీట్ గుర్తుకొస్తారు. మనవాళ్లు పురాణాలే తీశారు గనక అలా పిల్లలూ జంతువులూ నవ్వించే చిత్రాలు మనకు లేవనడం పరిపాటి. ఈ మాట నేను ఒప్పుకోను. ఆ హాస్యం మనకూ ఉంది. పురాణం కడుపులో ఉండబట్టి లెక్కకు రాలేదు. దాదాసాహెబ్ ఫాల్కే 1919లో తీసిన 'కాళీయ మర్దన్' చూడండి. కృష్ణుడి వేషం ఆయన చిన్నారి కూతురు మందాకినిది. కథ మొదలు కాకముందే ఫాల్కే ఆ పిల్ల ముఖంలో ఒక్కో భావం పలికించి చూపిస్తారు. ఆ తర్వాతే ఆమె కృష్ణుడవుతుంది. భక్తి చిత్రంలో హాస్యం వెతకడమేమిటనే వారికి ఇదే జవాబు: దేవుడి కంటే ముందు నటిని పరిచయం చేసిన దర్శకుడికి తానేం చేస్తున్నదీ బాగా తెలుసు. ఆపైన నడిచేది చాలావరకు అల్లరే. స్నేహితుడి మీద నీళ్లు పోసిన ఆవిడ మీద కసి తీర్చుకోవడానికి పిల్లల దండు ఆమె ఇంట్లో వెన్న కాజేస్తుంది. కాళీయుడు చేసిన బొమ్మే కదా, పీట్‌లాంటి నటుడు కాదు కదా అంటారా, నిజమే. అయినా పిల్లకూ జంతువుకూ మధ్య ఆట నడిపితే మాటలతో పనిలేదన్న కిటుకు ఫాల్కేకు అప్పటికే దొరికింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ప్రేక్షకుడికి ఈ కలగలుపు వింతేమీ కాదు. ఇక్కడ భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే జుట్టుపోలిగాడు, బంగారక్క ఊడిపడి నవ్విస్తారు. నవ్వినంత మాత్రాన భక్తి తగ్గిందని ఎవరూ అనుకోలేదు. పైగా కుప్పం తెలుగు, తమిళం, కన్నడం కలిసే చోటు. మూకీ తెర మీది అక్షరాలు చదవలేనివారికి కథ చెప్పే మనిషి కావాలి. వెన్నదొంగను చూడటానికి ఆ మనిషి అక్కర్లేదు. మరాఠీవారి సినిమాతో మనకేం సంబంధమనే అభ్యంతరం అందుకే నిలవదు.

మాటలొచ్చాక కూడా ఈ దారి మూసుకుపోలేదు. 'భక్త ప్రహ్లాద' (1932), 'లవకుశ' (1934) పిల్లల వేషాల మీద నిలిచాయి. 1936లో చిత్తజల్లు పుల్లయ్య 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' చిత్రాలను పిల్లలతోనే తీశారు. అనసూయ వేషం అప్పటికింకా చిన్నపిల్లైన కృష్ణవేణిది. తెలుగువారి తొలి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) మనకు దక్కలేదు గానీ, 'కాళీయ మర్దన్' చాలా భాగం మిగిలింది. భారతం నడిచే రోజుల్లో ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల గుడి ముందు తెర కట్టి, వీధినాటకానికి ముందు దాన్ని ఆడించాలి. వ్యాఖ్యానం వద్దు. వెన్న దొంగతనం దగ్గర పిల్లలు నవ్వితే నా వాదన నిలిచినట్టే.