గుల్లబారిన యెముకలు: చికిత్సా చరిత్ర

వార్ధక్యమున నెముకలు గుల్లబారి, జాఱిపడినంతమాత్రముననే విరిగిపోవుట అనాదిగా నెఱిగినదే యైనను, అది చికిత్సింపదగిన వ్యాధి యను భావము వైద్యలోకమున స్థిరపడుటకు చిరకాలము పట్టినది. లండను శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1822లో ప్రకటించిన గ్రంథమున, వృద్ధులకు తొడయెముక మెడకడ విరుగుటకు ఆ యెముక పలుచబడుటయే కారణమని సూచించెను. కాని తరువాత శతాబ్దమునకు పైగా, విరిగినదానిని కట్టుటయే గాని విరుగకుండ కాపాడుట వైద్యులకు సాధ్యము కాలేదు.

1940 ప్రాంతమున బోస్టను నగరమున ఫుల్లర్ ఆల్‌బ్రైట్, ఈ రోగిణులలో పెక్కురు ముట్లుడిగినవారే యగుట గమనించి, ఈస్ట్రోజెను క్షయమే మూలమని తలచి దానినే యౌషధముగా నొసంగెను. ఆ పద్ధతి దశాబ్దములపాటు ప్రబలినది. 2002లో అమెరికాలో వెలువడిన మహాపరిశోధనలో ఈస్ట్రోజెను, ప్రొజెస్టిను కలిపి వాడినవారికి తుంటి విరుగుళ్లు తగ్గినను, రొమ్ము క్యాన్సరును, పక్షవాతమును హెచ్చుటచే దాని వాడుక సన్నగిల్లెను.

ఈ చరిత్రయందు మిక్కిలి బోధప్రదమైనది ఫ్లోరైడు వృత్తాంతము. బావినీటి ఫ్లోరైడు ఎముకను దట్టము చేసి మనుష్యుని వికలుని గావించునని 1937లో నెల్లూరు జిల్లా పల్లెలనుండి వెలువడిన వైద్యనివేదిక తెలిపినది. నల్లగొండ ప్రజలకది తరతరముల దుఃఖము. అయినను, మితమైన మోతాదున నదియే మందు కాగలదని పాశ్చాత్య వైద్యులు 1960 తరువాత పలుమాఱు యత్నించిరి. 1990లో అమెరికాలో 202 మంది స్త్రీలపై నాలుగేండ్లు జరిపిన పరీక్షాఫలితము వెలువడగా, నడుము పూసల సాంద్రత నూటికి 35 వంతులు పెరిగియు, పూసల విరుగుళ్లు తగ్గకపోవుటయు, ఇతరస్థానముల విరుగుళ్లు అధికమగుటయు తేటపడెను. విరుగుళ్లను తగ్గింపని మందు యెముకను ఎంత దట్టము చేసినను మందు కానేరదని నాడు నిర్ధారితమైనది.

ఆ గీటురాయికి నిలిచినవి బిస్‌ఫాస్ఫొనేట్లు. పాతయెముకను కరగించు కణములను నిగ్రహించు నీ రసాయనముల గుణమును స్విట్జర్లాండున హెర్బర్ట్ ఫ్లైష్ 1960 దశకమున కనుగొనెను. వానిలో నొకటియైన అలెండ్రొనేటు, అదివఱకే పూస విరిగిన స్త్రీలలో పూసల విరుగుళ్లను, తుంటి విరుగుళ్లను సుమారు సగమునకు తగ్గించినట్లు 1996లో వెల్లడియైనది. తదుపరి, క్రొత్త యెముకను నిర్మించు టెరిపారటైడు 2002లోను, ఆఱునెలల కొకమాఱు సూదిగా నిచ్చు డెనోసుమాబు 2010లోను అమెరికాలో ఆమోదము నొందెను. దీర్ఘకాలము బిస్‌ఫాస్ఫొనేట్లు వాడినవారిలో అరుదుగా తొడయెముక వింతగా విరుగుటయు, డెనోసుమాబు హఠాత్తుగా మానినవారికి వెన్నుపూసలు విరుగుటయు కలవు గనుక, వీనిని మొదలిడుటయు మానుటయు వైద్యుని పర్యవేక్షణలోనే జరుగవలెను.

ఆహారమును, దృష్టిదోషము సరిచేయుటయు, నేలజాఱుడును మాన్పుటయు సైతము చికిత్సలో భాగములే. 1992లో ఫ్రాన్సునుండి ప్రకటితమైన పరీక్షలో, వృద్ధాశ్రమముల స్త్రీలకు దినమునకు 1.2 గ్రాముల కాల్షియము, 800 యూనిట్ల విటమిన్ డి నొసంగగా, పదునెనిమిది మాసములలో తుంటి విరుగుళ్లు గణనీయముగా తగ్గెను. ఇంత జ్ఞానము సమకూడిన పిమ్మటను, విరిగిన తుంటికి శస్త్రచికిత్స జరిగి, దానికి మూలమైన వ్యాధికి మందులేక యింటికి మరలు వృద్ధులు నేటికిని పెక్కురు. మొదటి విరుగుడునే హెచ్చరికగా గ్రహించి రెండవదానిని వారింపగల యుపాయము చేతనుండగా, దానిని వారి కందింపకుండుట క్షమింపరాని యుపేక్ష.