ఉక్కు ఊళ్లో పుట్టిన పెర్క్

అమెరికా కంప్యూటర్ల చరిత్ర అనగానే మనవైపు అందరూ కాలిఫోర్నియా పేరే ఎత్తుతారు. తిరుపతిలో ఇంజినీరింగు ముగించిన పిల్లలు వీసా చేతికి రాగానే శాన్ హోసేలో ఇంటద్దెలు ఎంతో ఆరా తీస్తారు. నేను కాపురముంటున్న పిట్స్‌బర్గ్ గురించి చాలామందికి తెలిసింది ఒక్కటే. 1976లో పనులు మొదలుపెట్టి, పెన్ హిల్స్‌లో తిరుమల నమూనాగా కట్టుకున్న వేంకటేశ్వరస్వామి గుడి. ఆ గుడికి రెండేళ్ల ముందే, శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన ఒకాయన మరో అయిదుగురితో కలిసి ఈ ఊళ్లో ఒక కంప్యూటర్ కంపెనీ పెట్టారంటే నమ్మడానికి కాస్త సమయం పడుతుంది.

ముందు ఊరి సంగతి. అలిఘెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా సాగే చోట ఉంది పిట్స్‌బర్గ్. చుట్టూ కొండల్లో బొగ్గు, సరుకు మోయడానికి నదులు. ఉక్కు మిల్లులకు ఇంకేం కావాలి? 1848లో స్కాట్లండ్ నుంచి పిల్లవాడిగా వలస వచ్చి, నూలు మిల్లులో కూలికి చేరిన ఆండ్రూ కార్నెగీ ఆ ఉక్కుతోనే కుబేరుడయ్యాడు. 1892లో హోమ్‌స్టెడ్ మిల్లు కార్మికుల మీదికి ఆయన కంపెనీ కిరాయి సాయుధులను దింపితే కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ మనిషే 1900లో శ్రామికుల పిల్లలకు చేతిపని నేర్పే బడులకు డబ్బిచ్చాడు. ఆ బడులే ఎదిగి, 1967లో మెలన్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం అయ్యాయి.

1969లో అక్కడ ఆచార్యుడిగా చేరారు దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకానికి రాజ్ రెడ్డి. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లాలో పుట్టారు. శ్రీకాళహస్తిలో హైస్కూలు, మద్రాసు గిండీలో ఇంజినీరింగు, ఆస్ట్రేలియాలో పై చదువు, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేటు. మనిషి మాటను యంత్రం పోల్చుకునేలా చేయడం ఆయన పరిశోధన. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆయనా, విశ్వవిద్యాలయం నుంచి బయటికొచ్చిన మిత్రులూ 1974లో పెట్టిన కంపెనీ పేరు త్రీ రివర్స్ కంప్యూటర్ కార్పొరేషన్. దాని యంత్రం పేరు పెర్క్, వచ్చింది 1979లో.

అప్పటిదాకా కంప్యూటరంటే పదిమంది పంచుకునే ఆస్తి. గదినిండా ఒక పెద్ద యంత్రం, దానికి తీగలతో కట్టిన టెర్మినళ్లు. యంత్రం తన సమయాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికీ వడ్డించేది. పగటిపూట జనం ఎక్కువైతే, నొక్కిన అక్షరం తెరమీదికి రావడానికే ఆలస్యం. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాల ఆల్టో అనే యంత్రాన్ని తయారుచేసి, ఒక మనిషికి ఒక కంప్యూటర్ మొత్తంగా ఇస్తే ఎలా ఉంటుందో చూపించింది. కానీ దాన్ని బజారులో అమ్మకానికి పెట్టలేదు. రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ సహచరులు ఆ కోరికకు కొలతలు కట్టారు. సెకనుకు పదిలక్షల ఆదేశాలు, పదిలక్షల బైట్ల మెమరీ, పదిలక్షల చుక్కల తెర. పదిలక్షలంటే ఇంగ్లిషులో మిలియన్ కాబట్టి దీన్నే 3ఎం యంత్రం అన్నారు. ధర కూడా పదిలక్షల సెంట్లు, అంటే 10,000 డాలర్లు దాటకూడదని నాలుగో ఎం జోడించారు.

ఈ కొలతల్లో తెరదే పెద్దపీట. పాత టెర్మినల్లో అక్షరాల రూపాలు ముందే చెక్కి ఉంటాయి, గళ్లలో అచ్చు గుద్దినట్టు పడతాయి. అది మచిలీపట్నం అద్దకం. పెర్క్ తెర మన శ్రీకాళహస్తి కలంకారీ. దిమ్మెల్లేవు, కలం ఎక్కడికైనా పోతుంది. అడ్డంగా 768, నిలువుగా 1024 చుక్కలు, నిలబెట్టిన కాగితం ఆకారంలో. ఒక్కో చుక్కకు మెమరీలో ఒక్కో బిట్. ఒకటి ఉంటే ఒక రంగు, సున్నా ఉంటే మరొకటి. మొత్తం 7,86,432 బిట్లు, అంటే 96 కిలోబైట్లు. తొలి పెర్క్‌లో ఉన్న మెమరీయే 256 కిలోబైట్లు. అందులో మూడో వంతుకు పైగా తెర ఒక్కటే తినేసేది.

తినడం అక్కడితో ఆగదు. గాజు వెనక ఎలక్ట్రాన్ పుంజం తెరను సెకనుకు 60 సార్లు పైనుంచి కిందిదాకా గీస్తుంది. ప్రతిసారీ ఆ బిట్లన్నీ మెమరీలోంచి వరసగా అందాలి. లెక్కేస్తే సెకనుకు 4.7 కోట్ల బిట్లు. మెమరీ ఒక్కో విడతలో 64 బిట్లు ఇస్తుంది, విడతకు 680 నానోసెకన్లు పడుతుంది. అంటే మెమరీ శ్రమలో దాదాపు సగం బొమ్మను నిలబెట్టడానికే సరి. మిగిలిన సగంతోనే అసలు పనంతా జరగాలి.

ఆ పని చేసే ప్రాసెసర్ ఒకే చిప్పు కాదు. చిన్న చిన్న చిప్పులను బోర్డు మీద పేర్చి కట్టినది. కూడికలు, పోలికలు చేసే 74ఎస్181 చిప్పు ఒక్కొక్కటి నాలుగు బిట్లు మాత్రమే చూస్తుంది. అలాంటివి అయిదు పక్కపక్కన పెడితే 20 బిట్ల లెక్క. ఒక్కో సూక్ష్మ ఆదేశానికి 170 నానోసెకన్లు. ఈ ఆదేశాలను, అంటే మైక్రోకోడ్‌ను, మార్చి రాయవచ్చు. యంత్రం మొదలైనప్పుడు అవి డిస్కు నుంచి వచ్చి చేరతాయి. పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు అనుకూలంగా ఒక ఆదేశాల జాబితా ఉండేది. పరిశోధకుడికి వేరే భాష కావాలంటే ప్రాసెసర్ స్వభావాన్నే మార్చుకోవచ్చు.

తెరమీద ఒక పెట్టెను కుడికి అయిదు చుక్కలు జరపాలనుకుందాం. బిట్లు మెమరీలో పదహారేసి గుంపులుగా ఉంటాయి. అయిదు చుక్కలు జరిగితే ప్రతి గుంపూ రెండుగా చీలి, కొంత పక్క గుంపులో పడుతుంది. పెట్టె అంచుల్లో పాత బొమ్మ చెడకుండా కాపాడాలి కూడా. గుంపును తీయడం, అయిదు స్థానాలు జరపడం, అంచులు కప్పడం, పాతదానితో కలిపి తిరిగి రాయడం. ఇదంతా ప్రోగ్రామరు రాసే మామూలు ఆదేశాలతో చేస్తే నత్తనడకే. అందుకే పెర్క్‌లో ఈ పనికోసం రాస్టర్‌ఆప్ అనే ప్రత్యేక సర్క్యూట్ పెట్టారు. ఇవాళ మన ఫోన్లలో బొమ్మల పని చూసే చిప్పులకు అది పూర్వీకుల్లో ఒకటి.

డిస్కు పళ్లేలు 14 అంగుళాల వెడల్పు. వాటికి తగలకుండా, సన్నటి గాలి పొరమీద తేలుతూ హెడ్ అయస్కాంత గుర్తులను చదువుతుంది. అంత భారీ డిస్కులో పట్టేది 24 మెగాబైట్లు, ఇవాళ్టి ఫోన్లో తీసిన అయిదారు ఫోటోలు. స్విచ్ వేయగానే మూడంకెల సూచికలో సంఖ్యలు పెరుగుతూ పోయేవి. 999 కనబడితే అంతా సవ్యం. నడుమ ఆగిపోతే, ఆ సంఖ్యను బట్టి ఏ భాగం మొరాయించిందో బాగుచేసేవాళ్లు పోల్చుకునేవారు.

ధర మాత్రం 10,000 డాలర్లకు దిగలేదు. 1982లో కాలిఫోర్నియాలో పుట్టిన సన్ మైక్రోసిస్టమ్స్ బజారులో దొరికే మోటరోలా చిప్పునూ, అందరికీ తెలిసిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌నూ వాడుకుంది. సొంత ప్రాసెసర్ కట్టుకున్న పెర్క్ ఆ వేగానికీ ధరకూ నిలవలేకపోవడంతో కంపెనీ 1980ల మధ్యలో చేతులెత్తేసింది. అదే సమయంలో ఇక్కడి ఉక్కు మిల్లులూ వరసగా ఆగిపోయాయి. హోమ్‌స్టెడ్ 1986లో మూతపడింది. ఊళ్లో పాతదీ కొత్తదీ ఒకేసారి కూలినట్టు అనిపించి ఉండాలి.

కానీ విశ్వవిద్యాలయంలో పని ఆగలేదు. పెర్క్ మీద నడిచేలా రిక్ రషీద్ బృందం రాసిన యాక్సెంట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి మాక్ అనే మరొకటి వచ్చింది. 1988లో స్టీవ్ జాబ్స్ తెచ్చిన నెక్స్ట్ వర్క్‌స్టేషన్ ఆ మాక్ మీదే నడిచింది. నెక్స్ట్‌ను ఆపిల్ కొన్నాక అదే మాక్ మెకింటాష్‌లోకీ, ఐఫోన్లోకీ వెళ్లింది.

కాలిఫోర్నియాకే వెళ్తామంటే వెళ్లండి, కాదనను. అమ్మడం ఎలాగో అక్కడివాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయితే 3ఎం కొలతలు రాసిననాటికి ఆ ధరకు అలాంటి యంత్రం లోకంలో ఎక్కడా లేదు. లేనిదాన్ని అంకెలతో సహా రాసి అడిగిన ఊరు ఇది. ఇవాళ తిరుపతిలో పదివేలకు దొరికే ఫోను ఆ మూడు కొలతలనూ దాటేసింది. ఆ పదివేలు కూడా డాలర్లు కాదు, రూపాయలు.