రొట్టెపలకనుండి మోటారు డబ్బాకు

నేడు మీకొక రొట్టెపలక చరిత్ర చెప్పెదను. మన బావికడ నుండు మోటారు డబ్బాకును దానికిని సంబంధము గలదు.

1920 ప్రాంతమున అమెరికాలో రేడియోపై మక్కువగల యువకులు వంటింట రొట్టె కోయు కొయ్యపలకపై మేకులు గొట్టి, తీగలు చుట్టి, సెట్లు కట్టి చూచెడివారు. కుదిరినచో నుంచెడివారు, లేనిచో విప్పెడివారు. అదియే బ్రెడ్‌బోర్డు. మద్రాసులో 1924లో ప్రసారము లారంభించిన ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బువారును ఇట్టి ఔత్సాహికులే. తరువాత కొయ్య పోయెను, పేరు నిలిచెను. 1971లో రొనాల్డ్ పోర్చుగల్ అను అమెరికను రంధ్రముల ప్లాస్టికు పలకను రూపొందించెను. తీగ గ్రుచ్చిన చాలును, టంకముతో పనిలేదు.

లెక్క, జ్ఞాపకము, రాకపోకల ద్వారములు ఒక్క చిప్పులో నిమిడినదే మైక్రోకంట్రోలరు. 1980లో ఇంటెల్ వారి 8051 వచ్చెను. 2005లో ఇటలీలో ఆర్డునో పుట్టి, ఈ విద్యను పిల్లల చేతికి దెచ్చెను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల రైతులకు ఆటోస్టార్టరు తెలియనిది కాదు. వేళలవారీ కరెంటు రోజులలో రాత్రి బావికి పోవు బాధ దానితో తప్పెను. 2018 జనవరి 1 నుండి 24 గంటల కరెంటు వచ్చిన సందర్భమున, నీరు వృథాయగునని దానిని తొలగింపుమని ప్రభుత్వము కోరెను. నీటిమట్టము చూచి తానే ఆగు డబ్బాను నేడు చదువుకొన్న పిల్లవాడెవడైనను చేయగలడు. అయితే పిల్లలకు తొందర మెండు; పలకపై చూడకయే బావికడ బిగింతురు.

ఏ ఆధారమును లేక వదలిన ఇన్‌పుట్ పిన్ను నిలకడగా నుండదు. చేయి దగ్గరకు పోయినను మాఱును. 10,000 ఓముల రెసిస్టరుతో దానిని ఒకవైపు కట్టి, మీట నొక్కి చూడవలెను. అవుట్‌పుట్ పిన్నుకు 330 ఓముల రెసిస్టరుతో చిన్న ఎల్.ఇ.డి. దీపము తగిలించి, చెప్పినప్పుడు వెలుగునో, ఆరునో పరీక్షింపవలెను. ఆర్డునో ఊనో పిన్ను 40 మిల్లీ ఆంపియర్లకు మించి యోర్వలేదు. సాధారణమైన 5 వోల్టుల రిలే సుమారు 70 కోరును. కావున నడుమ ట్రాన్సిస్టరు ఉండవలెను. ఇక మోటారు కరెంటును ఈ పలక కెన్నడును తేరాదు.

కరెంటు పోయి వచ్చిన క్షణమున ఊనో పిన్నులన్నియు ఇన్‌పుట్లై గాలిలో నుండును. ట్రాన్సిస్టరును క్రిందికి కట్టు రెసిస్టరు లేనిచో, బావిలో మనిషి యుండగనే మోటారు తిరుగవచ్చును. పిల్లవాడు డబ్బా తెచ్చినప్పుడు, మోటారునకు బదులు దీపము పెట్టి, పదిమారులు కరెంటు తీసి యిచ్చి చూపుమని నేను అడుగుదును. దీపము ఒక్కమారు మినుకుమన్నను ఆ డబ్బాను బావికి పోనీయను.